మాటకు ముందు చేరేవి, వెనుక చేరేవి
(మన సంఘం వార్షిక సభలో విద్యార్థులను, తల్లిదండ్రులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 

విద్యను గురించి నాలుగు మాటలు చెప్పవలసిందని సంఘంవారు మమ్మల్ని కోరారు. విద్య గొప్పది, జ్ఞానం వెలుగు అని చెప్పి కూర్చుంటే మీరు చప్పట్లు కొడతారు, ఇంటికి వెళ్ళి మరచిపోతారు. అందుచేత ఈ రోజు ఒక చిన్న విషయం తీసుకున్నాము. ఇంగ్లీషు మాటకు ముందు, వెనుక చేరే చిన్న చిన్న ముక్కలను గురించి మాట్లాడతాము. వీటిని ఉర్దూలో సాబిఖా, లాహిఖా అంటాము. తెలుగు మాస్టర్లు ముందుదానిని ఉపసర్గ అనీ, వెనుకదానిని ప్రత్యయం అనీ అంటారు. ఇంగ్లీషులో ప్రిఫిక్స్, సఫిక్స్.

ఇదేం పెద్ద విషయమా అని మీకు అనిపించవచ్చు. ఉర్దూ మీడియం బడులలో పాఠాలు చెప్పే మాబోటి వాళ్ళకు ఇది చిన్న విషయంగా కనపడదు. పదవ తరగతి దాకా లెక్కలు, సైన్సు, సోషల్ అన్నీ ఉర్దూలో చదివిన పిల్ల ఇంటర్మీడియట్‌లో ఒక్కసారిగా ఇంగ్లీషు పుస్తకాలు పట్టుకోవలసి వస్తుంది. పేజీకి ముప్ఫై కొత్త మాటలు. ముప్ఫై మాటలనూ రట్టా వేయటం మొదలుపెడుతుంది. నెల తిరిగేసరికి తల బరువెక్కుతుంది. "మాస్టారూ, నాకు చదువు రాదు" అంటుంది. ఇంట్లోవాళ్ళు, "ఇంకెందుకులే, కుట్టుమిషను నేర్చుకో" అంటారు. చదువు రాక కాదు, మాటలకు భయపడి బడి వదిలిన పిల్లలను మేము ఏటా చూస్తున్నాము. ఆ ముప్ఫై మాటలలో ఇరవై మాటలు పాత మాటలకే ముందో వెనుకో ముక్క చేరి వచ్చినవని తెలిస్తే సగం భయం పోతుంది. ఆ సంగతి చెప్పటానికే ఈ ప్రసంగం.

మొదట మన ఇంటి మాటలే చూడండి. రోజ్‌గార్ అంటే పని, సంపాదన. దానికి ముందు 'బే' పెడితే బేరోజ్‌గార్. వారిస్ ముందు 'లా' పెడితే లావారిస్. హాజిర్ ముందు 'గైర్' పెడితే గైర్‌హాజిర్. లాయఖ్ ముందు 'నా' పెడితే నాలాయఖ్. నాలుగు ముక్కలూ లేదు, కాదు అనే చెబుతున్నాయి. వీటిలో 'బే', 'నా' పార్సీ నుంచి, 'లా', 'గైర్' అరబ్బీ నుంచి వచ్చాయి. తెలుగువారు కూడా గైరుహాజరు, లావారిసు అంటూనే వుంటారు. సంస్కృతం నుంచి తెలుగులోకి వచ్చిన మాటలకు 'అ', 'అన్' చేరతాయి. న్యాయం – అన్యాయం, ఆరోగ్యం – అనారోగ్యం, అర్హుడు – అనర్హుడు.

ఇప్పుడు ఇంగ్లీషు వినండి. హ్యాపీ – అన్‌హ్యాపీ. ఎంప్లాయిడ్ – అన్‌ఎంప్లాయిడ్, అంటే బేరోజ్‌గార్. అనారోగ్యంలోని 'అన్', అన్‌హ్యాపీలోని 'అన్' వినటానికి ఒక్కలాగే వున్నాయి గదా! ఇది కాకతాళీయం కాదు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ భాషలు ఒకే మూలం నుంచి పుట్టి వుండాలని విలియం జోన్స్ అనే జడ్జీ 1786లో కలకత్తాలో ఉపన్యసించాడు. పాత పార్సీని కూడా ఆ కుటుంబంలో చేర్చవచ్చునన్నాడు. ఇంగ్లీషు కూడా ఆ కుటుంబంలోదే. సంస్కృతపు 'అన్', పార్సీ 'నా', ఇంగ్లీషు 'అన్' దూరపు చుట్టాలు. అందుచేత, పిల్లలారా, ఇంగ్లీషును పరాయిదాన్ని చూసినట్టు చూడకండి. అది మనకు ఎన్నడూ రాకపోకలు లేని చుట్టం, అంతే.

పిల్లలు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటుంది. "హ్యాపీకి అన్ పెట్టాము, ఆనెస్ట్‌కు డిస్ పెట్టాము, కరెక్ట్‌కు ఇన్ పెట్టాము. ఏది ఎక్కడ పెట్టాలో ఎలా తెలుస్తుంది సార్?" మేము తిరిగి అడుగుతాము, "నువ్వు లారోజ్‌గార్ అని ఎప్పుడైనా అన్నావా? గైర్‌లాయఖ్ అనవు. ఎవరు నేర్పారు?" ఎవరూ నేర్పలేదు. విని విని వచ్చింది. ఇంగ్లీషూ అంతే. ఎక్కువ చదివినవాడికి నాలుక తానే దారి చూపుతుంది.

అయితే కొంత చరిత్ర తెలిస్తే మేలు. 'అన్' ఇంగ్లీషువారి సొంత ముక్క. 'ఇన్' లాటిన్‌ది. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాత కచేరీలలో, కోటలలో ఫ్రెంచి భాష నడిచింది. దానితో లాటిన్ సంతతి మాటలు వేలకొద్దీ వచ్చిపడ్డాయి. హైదరాబాదు సంస్థానంలో పార్సీ, ఉర్దూ దఫ్తర్లలో నడిచినందున తెలుగులోకి తహసీలు, జమాబందీ, రాజీనామా వచ్చినట్టే. అందుకే ఇంగ్లీషులో రెండు ముక్కలూ పక్కపక్కన వుండిపోయాయి. ఒక్కొక్కసారి ఒకే కుటుంబంలో రెండూ కనపడతాయి. చేతకానివాడు అన్ఏబుల్, చేతకానితనం మాత్రం ఇన్ఎబిలిటీ. అన్యాయమైనది అన్‌జస్ట్, అన్యాయం ఇన్‌జస్టిస్. సమానం కానిది అన్ఈక్వల్, అసమానత ఇన్ఈక్వాలిటీ. ఇలాంటివి జంటలుగా గుర్తుపెట్టుకోవాలి.

ఇక ఈ 'ఇన్' అనే ముక్క వేషాలు మారుస్తుంది. పాసిబుల్ ముందు 'ఇమ్' అవుతుంది, ఇంపాసిబుల్. మెచ్యూర్ ముందు 'ఇమ్', ఇమ్మెచ్యూర్. లీగల్ ముందు 'ఇల్', ఇల్లీగల్. రెగ్యులర్ ముందు 'ఇర్', ఇర్రెగ్యులర్. గైడు పుస్తకాలలో వీటిని నాలుగు వేర్వేరు ఉపసర్గలుగా అచ్చువేస్తారు, పిల్లలు నాలుగు పట్టికలు బట్టీ పెడతారు. నిజానికి ఇది ఒక్కటే ముక్క. పక్క అక్షరాన్ని బట్టి దాని చివరి 'నూన్' మారుతున్నది.

మన పిల్లలకు ఈ సూత్రం ఎక్కడో విన్నట్టు అనిపించటం లేదా? మక్తబ్‌లో హాఫిజ్ సాబ్ దగ్గర తజ్వీద్ నేర్చిన ఎనిమిదేళ్ళ పిల్లవాడికి కూడా ఇది వచ్చు! నూన్ సాకిన్ తరువాత 'బే' అక్షరం వస్తే నూన్ కాస్తా 'మీమ్' అవుతుంది. దాన్ని ఇఖ్లాబ్ అంటాము. 'మిన్' తరువాత 'బాద్' వస్తే 'మిమ్‌బాద్' అని చదువుతాము. ఇన్ తరువాత బ్యాలెన్స్ వస్తే ఇమ్‌బ్యాలెన్స్. తేడా వుందా? నూన్ తరువాత 'రే' వచ్చినా, 'లామ్' వచ్చినా నూన్ వాటిలో కలిసిపోతుంది. అది ఇద్గామ్. 'మిన్' తరువాత 'రబ్బ్' వస్తే 'మిర్రబ్బ్'. ఇన్ తరువాత రెగ్యులర్ వస్తే ఇర్రెగ్యులర్. 'మీమ్' ముందు కూడా ఇద్గామే, ఇమ్మెచ్యూర్, ఇమ్మోరల్. అరబ్బీలో 'ప' అక్షరం లేదు కాబట్టి ఇంపాసిబుల్‌కు మాత్రం అక్కడ జోడీ దొరకదు. 'ప', 'బ' రెండూ పెదవులతో పలికేవే, కనుక దానికీ అదే న్యాయం.

ఒక్క తేడా గుర్తుంచుకోవాలి. ఖుర్ఆన్‌లో పలకటం మారినా రాతలో నూన్ అలాగే వుంటుంది. ఇంగ్లీషులో రాత కూడా మారుతుంది. అందుకే ఇర్రెగ్యులర్‌లో రెండు ఆర్‌లు, ఇల్లీగల్‌లో రెండు ఎల్‌లు, ఇమ్మెచ్యూర్‌లో రెండు ఎమ్‌లు. ఒకటి ముందు ముక్కది, ఒకటి అసలు మాటది. ఈ కారణం తెలిసినవాడు స్పెల్లింగులో తప్పు చేయడు. ఇంకొక సంగతి, 'అన్' మాత్రం ఎవరి ముందూ మారదు. అన్‌పెయిడ్, అన్‌లాఫుల్, అన్‌రిలయబుల్ అని అలాగే వుంటుంది.

కాదు, లేదు అనేవి చాలు. వేరే ముక్కలు కూడా చూద్దాం. మాకు అన్నిటికంటె ఇష్టమైన మాట హమ్‌దర్దీ. 'హమ్' అంటే తోడు, కలిసి. దర్ద్ అంటే నొప్పి. ఇంకొకరి నొప్పిని కలిసి అనుభవించటమే హమ్‌దర్దీ. ఇంగ్లీషులో సింపతీ అంటారు. గ్రీకులో 'సిం' అంటే కలిసి, 'పేథోస్' అంటే బాధ. లాటిన్ దారిలో వచ్చిన మాట కంపాషన్. 'కం' అంటే కలిసి, 'పాషన్' అంటే బాధపడటం. తెలుగులో సానుభూతి, అంటే అనుభూతితో కూడినది. ఎన్ని భాషలు, ఎన్ని దేశాలు! మనిషి మనసు ఒకేలా ఆలోచించింది. తోడల్లుణ్ణి ఉర్దూలో హమ్‌జుల్ఫ్ అంటాము. మన దేశపు ఇంగ్లీషులో కో-బ్రదర్ అంటారు. తెలుగు 'తోడు', ఉర్దూ 'హమ్', ఇంగ్లీషు 'కో' మూడూ ఒకే పని చేస్తున్నాయి.

అలాగే 'పేష్'. నమాజులో అందరికంటె ముందు నిలబడేవారు పేష్ ఇమామ్. ముందుగా ఇచ్చే డబ్బు పేష్‌గీ. ముందుగా చెప్పటం పేష్‌గోయీ. ఇంగ్లీషు ప్రెడిక్షన్‌ను విడదీస్తే 'ప్రి' ముందు, 'డిక్ట్' చెప్పటం. అక్షరాలా పేష్‌గోయీ. ముందు అనటానికి ప్రి వుంటే, తరువాత అనటానికి పోస్ట్. పోస్ట్‌పోన్ అంటే వెనక్కి జరపటం. దానికి జోడీగా మన దేశంవాళ్ళు ముందుకు జరపటానికి ప్రిపోన్ అనే మాట వాడతారు. ఆక్స్‌ఫర్డు నిఘంటువులవారే తరువాత దానికి చోటిచ్చారు. ముక్కల కీలకం తెలిసినవాడు కొత్త మాట పుట్టించగలడు కూడా.

ఈ విద్య మన హైదరాబాదుకు కొత్త కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడినప్పుడు బోధన ఉర్దూలో సాగాలన్నారు. దానికోసం 1917లోనే దారుల్ తర్జుమా స్థాపించారు. వైద్యం, రసాయనం, గణితం, న్యాయం అన్నీ ఉర్దూలో చెప్పాలంటే వేలకొద్దీ కొత్త మాటలు కావాలి. ఎలా చేయాలి? అక్కడి ఉర్దూ ఆచార్యులు వహీదుద్దీన్ సలీం 'వజ్ఎ ఇస్తిలాహాత్' అనే గ్రంథమే వ్రాశారు. అది 1921లో అచ్చయింది. కొత్త శాస్త్ర పదాలను తయారుచేయటంలో ఈ సాబిఖాలు, లాహిఖాలు ఎంత అవసరమో అందులో చర్చించారు. ఇంగ్లీషులో 'లజీ' అని ముగిసే శాస్త్రాల పేర్లు ఉర్దూలో 'ఇయాత్'తో ముగుస్తాయి. బయాలజీ హయాతియాత్, సైకాలజీ నఫ్సియాత్. తెలుగులో జీవశాస్త్రం, మనస్తత్వశాస్త్రం. పదవ తరగతిలో హయాతియాత్ చదివిన పిల్లకు బయాలజీ అనే మాట ఎదురైతే బెదరవలసిన పని ఏమున్నది?

వెనుక చేరే ముక్కల సంగతి. బచ్చా – బచ్‌పన్, చిన్న – చిన్నతనం, చైల్డ్ – చైల్డ్‌హుడ్. దోస్త్ – దోస్తీ, ఫ్రెండ్ – ఫ్రెండ్‌షిప్. చందాదారు, వాటాదారు, దవాఖానా, రాజీనామా అన్న తెలుగు మాటల తోకలన్నీ పార్సీవి. వీలునామా చూడండి, తల ఇంగ్లీషు 'విల్', తోక పార్సీ 'నామా', వాడేది తెలుగువారు! వెనుక చేరే ముక్క సాధారణంగా మాట జాతిని మారుస్తుంది. కైండ్ గుణం చెబుతుంది, కైండ్‌నెస్ పేరు అవుతుంది, కైండ్లీ ఎలా చేశారో చెబుతుంది. కేర్‌ఫుల్ జాగ్రత్త గలవాడు, కేర్‌లెస్ జాగ్రత్త లేనివాడు.

పెద్దలు కూడా జాగ్రత్తగా వినవలసిన చోటు ఇది. 'ఆర్', 'ఈ' అనే రెండు తోకలున్నాయి. పని ఇచ్చేవాడు ఎంప్లాయర్, చేసేవాడు ఎంప్లాయీ. దుకాణం లీజుకు ఇచ్చేవాడు లెసర్, తీసుకునేవాడు లెసీ. చెక్కు డబ్బు ఎవరికి చెల్లించాలో అతడు పేయీ. మనం పోయిన తరువాత బ్యాంకు ఎవరిని పిలవాలో అతని పేరు నామినీ. వక్ఫు దుకాణాల అగ్రిమెంట్లలో, ఇంటి తనఖా కాగితాలలో ఈ మాటలే వుంటాయి. తనఖాలో అయితే ఇల్లు కుదువబెట్టినవాడు మార్టగేజర్, అప్పు ఇచ్చినవాడు మార్టగేజీ. మన ఫిఖ్‌లో రాహిన్, ముర్తహిన్ అన్నట్టే. చాలామంది దీన్ని తిరగేసి అనుకుంటారు. కాగితంలో ఏ షరతు ఎవరి మీద పడుతుందో ఆ తోక చెబుతుంది. తోక చూడకుండా వేలిముద్ర వేసినవాడి ఇల్లు ఏమవుతుందో మేము చెప్పనక్కరలేదు.

అలాగే ఫారాలలో నాన్-రిఫండబుల్ అని వుంటే ఆ డబ్బు తిరిగి రాదు. నాన్-ట్రాన్స్‌ఫరబుల్ అని వుంటే ఇంకొకరి పేర మారదు. అన్‌క్వాలిఫైడ్ అంటే ఆ అర్హత ఇంకా సంపాదించనివాడు, చదివి సంపాదించుకోవచ్చు. డిస్‌క్వాలిఫైడ్ అంటే అర్హత నుంచి తొలగింపబడ్డవాడు. రెండింటికీ ఎంత దూరం!

దవాఖానాలో ఈ దూరం ప్రాణం మీదికే వస్తుంది. గ్రీకు 'హైపర్' అంటే మితిమీరినది, 'హైపో' అంటే తక్కువైనది. హైపర్‌గ్లైసీమియా అంటే రక్తంలో చక్కెర పెరగటం, హైపోగ్లైసీమియా అంటే పడిపోవటం. ఒకరికి చక్కెర తగ్గించాలి, ఇంకొకరికి వెంటనే తీపి ఇవ్వాలి. చీటీ చదివే పిల్ల ఇంట్లో ఒక్కతి వుంటే ఎంత ధైర్యం! గర్భిణులు వెళ్ళే చోట యాంటీనేటల్ అని వ్రాస్తారు. అందులోది వ్యతిరేకం అనే 'యాంటి' కాదు. స్పెల్లింగు చివర 'ఇ' వున్నది, దాని అర్థం ముందు. కాన్పుకు ముందు అని.

కొన్ని మాటలు మోసం కూడా చేస్తాయి. ప్రైస్‌లెస్ అంటే వెల లేనిది కాబట్టి పనికిరానిదని అనుకోకూడదు. వెల కట్టలేనంత గొప్పది. తెలుగులో అమూల్యం, ఉర్దూలో అన్‌మోల్ అన్నట్టే. ఫేమస్ అంటే పేరు పొందినవాడు, ఇన్‌ఫేమస్ అంటే పేరు లేనివాడు కాదు, చెడ్డపేరు పొందినవాడు, బద్‌నామ్. అన్నిటికంటె ప్రమాదకరమైనది ఇన్‌ఫ్లేమబుల్. పెట్రోలు ట్యాంకరు లారీల వెనుక ఎర్ర అక్షరాలతో వుండేది. ముందు 'ఇన్' చూసి మండనిది అనుకుంటే కొంప మునుగుతుంది. ఇక్కడి 'ఇన్' కాదు అనేది కాదు, లోపలికి అనేది. తేలికగా మంటలంటుకునేది అని దాని అర్థం. జనం పొరబడతారనే భయంతోనే ఇటీవల ఫ్లేమబుల్ అని వ్రాయటం పెరిగింది.

ఉత్సాహం కొద్దీ ప్రతి మాటనూ నరకకూడదు కూడా. అంకుల్‌లో 'అన్' లేదు. యూనియన్, యూనిఫారంలలో వున్నది 'అన్' కాదు, ఒకటి అనే అర్థమిచ్చే 'యూని'. బేగం సాహెబాను 'బే', 'గమ్' అని విడదీసి గమ్ లేనిది అని ఎవరైనా అంటే, పరదా వెనుక నుంచి మా తల్లులే నవ్వుతున్నారు, మా గమ్ మీకేం తెలుసునని!

చివరగా రెండు మాటలను విప్పి చూపి ముగిస్తాము. టచ్ అంటే తాకటం. టచబుల్, తాకదగినది. అన్‌టచబుల్, తాకరానిది. అన్‌టచబిలిటీ, అంటరానితనం. ఒక చిన్న మాటకు మూడు ముక్కలు చేర్చి మనుషులను వెలివేసే ఆచారానికి పేరు పెట్టారు. రాజ్యాంగం 17వ అధికరణం ఆ ఆచారాన్ని రద్దు చేసింది. రెండవది మైనారిటీ. మైనర్‌కు 'ఇటీ' చేరింది. మైనర్ అంటే చిన్నది, తక్కువది. నాబాలిగ్‌ను కూడా మైనర్ అనే అంటాము. సంఖ్యలో తక్కువవారము గనుక మనం మైనారిటీ. నాబాలిగ్‌లం మాత్రం కాదు. 30వ అధికరణం మనకు నచ్చిన విద్యాసంస్థలు స్థాపించుకుని నడుపుకునే హక్కు ఇచ్చింది. ఆ హక్కును వాడుకోవటం బాలిగ్ అయినవారి బాధ్యత.

మా విన్నపాలు మూడు. విద్యార్థులు ఒక నోటుపుస్తకం పెట్టి రోజుకు ఒక్క అసలు మాట వ్రాయండి. దాని ముందూ వెనుకా చేరేవన్నీ కింద వ్రాయండి, పక్కన ఉర్దూ, తెలుగు మాటలు వ్రాయండి. ఏడాదికి 365 కుటుంబాలు, కుటుంబానికి నలుగురైనా దాదాపు పదిహేను వందల మాటలు. తల్లులు తమకు ఇంగ్లీషు రాదని వెనుకాడవద్దు. "బేకసూర్‌కు ఇంగ్లీషేమిటి బేటీ?" అని అడగండి చాలు, ఆమె ఇన్నోసెంట్ అని వెదుక్కుంటుంది. సంఘంవారు చదువుకునే గదిలో ఒక మంచి ఇంగ్లీషు–ఉర్దూ నిఘంటువు, ఒక ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు వుంచండి. ఆదివారం ఒక గంట ఇవ్వండి. పాఠం చెప్పటానికి మాబోటి మాస్టర్లము సిద్ధంగా వున్నాము. ఫీజు అక్కరలేదు.

పాసిబుల్ ముందు ఇమ్ పెట్టటం తేలిక. మన ఆడపిల్లల చదువు ముందు దాన్ని పెట్టేవాళ్ళు ఇంటింటా వున్నారు. ఈ ఏడాది ఆ రెండక్షరాలను తుడిచివేద్దాం. అల్లాహ్ మన పిల్లల తాలీమ్‌లో బర్కత్ ఇవ్వాలని దువా చేస్తూ సెలవు తీసుకుంటున్నాము. ఖుదా హాఫిజ్.